నాంత్‌కు పేరు ఎలా వచ్చింది

పన్నెండు గంటల షిఫ్టు ముగించుకుని కార్డిఫ్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చాను. బూట్లయినా విప్పకముందే మా అమ్మాయి సాత్విక హోంవర్క్ తెచ్చి ఒళ్లో పడేసింది. ఫ్రాన్సులో ఉన్న, కార్డిఫ్‌కి సోదర నగరమైన నాంత్‌కు ఆ పేరెలా వచ్చిందో రాయాలట. ఈ చదువులు తగలెయ్య అనుకుంటూనే ఫోన్లో వెతికాను.

"నమ్నేతులని ఒక తెగ ఉండేదంట. వాళ్ల పేరే ఊరికొచ్చింది. ఆ తెగ ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది. రాసుకో."

"అవర్ సర్‌నేమ్ కూడా అంతేనా డాడీ?"

"మనది దానికి ఉల్టా. ఊరి పేరే మనకొచ్చింది. మల్లెంపాడు నుంచి వచ్చినోళ్లం కాబట్టి మల్లెంపాటోళ్లం. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు ఆ ఊరు నీళ్లల్లో మునిగిపోయింది. నేనూ చూళ్లేదు."

సాత్విక పెన్ను ఆపింది. "సో, ఆ నేమ్ ఇప్పుడు ఓన్లీ మన దగ్గరే ఉందా?"

చొక్కాకున్న ఆసుపత్రి బ్యాడ్జి తీసి బల్లమీద పెట్టాను. దానిమీద 'విజయ్' అని మాత్రమే ఉంది. వార్డులో ఎవరికీ నోరు తిరగడం లేదని, ఇంటిపేరు నేనే తీసేయించుకున్నాను.