రసూల్‌బీ ఆరు మంచాలు

దర్శి బస్టాండు వెనక రసూల్‌బీ బసలో నాది మూడో మంచం. బడిపంతులు జీతానికి అంతకన్నా మంచి మంచం దొరకదు. భర్త పోయాక ఆవిడ ఆరు మంచాలు వేసి, పూటకూళ్లు నడుపుకుంటూ బతుకుతోంది. కూర కారంగా ఉంటుంది, మాట అంతకన్నా కారం. నాకు రెండూ ఇష్టమే.

కిందటేడు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఇమ్మానియేలు వచ్చి మంచాన్ని నేలకేసి కొడితే నాలుగు నల్లులు రాలాయి. "ఈసారి ఒక్కటి రాలినా లైసెన్సు రద్దు" అని చెప్పి వెళ్లాడు. అన్నాడంటే చేసే మనిషి. లైసెన్సు పోతే ఆవిడ పొయ్యి ఆరిపోయినట్టే.

అందుకని ఈసారి గోడలకి సున్నం కొట్టించింది, బావిలో బ్లీచింగు వేయించింది, నీళ్ల కాగులకి మూతలు పెట్టింది. నల్లులకి మాత్రం మా ఊరి మందే. బుధవారం పొద్దున మంచాలన్నీ గదిలో చేర్చి, కుంపట్లో నిప్పుల మీద తాలు మిరపకాయలు గుప్పెళ్లతో పోసి తలుపులు మూసింది. వీధి వీధంతా దగ్గింది.

"ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటున్నావా రసూల్‌బీ" అని పక్కింటి బుల్లయ్య కేకేశాడు.

తనిఖీ గురువారమని కబురొచ్చింది కదా, ఈలోగా పొగ పోతుందని మా ధీమా. ఇన్‌స్పెక్టరు బుధవారమే దిగాడు, చంకలో పక్కబట్టలు చుట్టిన పక్కచుట్ట, ముక్కుకి రుమాలు.

"ఇంత పొగ పెట్టి ఏం దాస్తున్నావమ్మా?"

"దాచటం లేదండి, తోలుతున్నా."

ఆయన అరుగు మీద తెల్ల పంచె పరిపించి, గాలికి లేవకుండా ఓ అంచున తన పక్కచుట్ట పెట్టాడు. మంచాలు ఒక్కొక్కటీ తెప్పించి దాని మీద కొట్టాడు. ఒక్కటి రాలితే ఒట్టు. ఆరోదీ అయ్యాక నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆయన కలం తీశాడు. అప్పుడు పంచె మీద బలిసిన నల్లి ఒకటి తీరిగ్గా నడుస్తూ కనిపించింది.

"ఇదేమిటి?" అన్నాడు. కలం మళ్లీ జేబులో పెట్టేశాడు.

రసూల్‌బీ వంగి చూసింది. "ఇది మాది కాదండి. మాదైతే ఈపాటికి దగ్గుతూ ఉండేది." చీపురుపుల్లతో పక్కచుట్టని పొడిచింది. ఇంకో రెండు బయటికొచ్చాయి.

బుల్లయ్య పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అధికారి పరువు తీసినవాళ్లకి లైసెన్సు దక్కటం నేనెక్కడా చూడలేదు. ఇక ఊరుకో తల్లీ అని కళ్లతోనే బతిమాలాను. ఊరుకునే రకమా ఆవిడ? గోడకి తగిలించిన రూల్సు కాగితం చూపించింది. చదువు రాదు. నాచేత రోజూ చదివించుకుని వంటబట్టించుకుంది.

"తొమ్మిదో రూలండి. నల్లులున్న పక్కతో వచ్చినవాణ్ని బసలోకి రానివ్వకూడదు. రానిస్తే నా లైసెన్సు మీరే తీసేస్తారు."

ఇన్‌స్పెక్టరు ఆ కాగితం దగ్గరికెళ్లి తొమ్మిదో రూలు వేలితో వెతికి చదివాడు. తర్వాత పక్కచుట్ట తీసుకెళ్లి, గది తలుపు తెరిచి, తన చేత్తోనే కుంపటి పక్కన విప్పి పరిచాడు. కళ్లూ ముక్కూ కారుతుండగా బయటికొచ్చి, దగ్గుతూనే లైసెన్సు మీద సంతకం పెట్టాడు. ఆ మనిషి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

"తిరుగు బస్సు రేపేగా. రాత్రికి మంచం ఉందా?" అని మెల్లిగా అడిగాడు.

"ఉందండి. దుప్పటి నాది ఇస్తాను" అంది రసూల్‌బీ. "పొద్దున వెళ్లేముందు నా ఎదట దులిపి చూపించి వెళ్లండి."