హలో బాబాయి మాట

మైకు జాలీ ఊడదీసి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్దుతున్నాడు హలో బాబాయి. పదిమంది నోటి తుంపర పడే వస్తువు, శుభ్రంగా ఉండాలంటాడు. ఊళ్ళో ఏ సభ జరిగినా మైకు సెట్టు ఆయనదే. జనం చేరకముందు “హలో, హలో, ఒకటి, రెండు, మూడు” అనడం వరకే ఆయన వంతు. ఆ తరవాత మైకు ఇంకొకరిది. ఇన్నేళ్ళలో అందులో మరో ముక్క మాట్లాడిన పాపాన పోలేదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది.

“మాట గుర్తుందా?” అంది భార్య, ఆయన చొక్కాకి గుండీ కుడుతూ.

“ఉంది లేవే. పొద్దున్నుంచీ నాలిక మీదే తిరుగుతోంది.”

మధ్యాహ్నం చెరువుగట్టున సభ. ఎవరు తెచ్చి వదిలారో గానీ చెరువులో ఓ పరాయి జాతి చేప చేరింది. బారెడు పొడవు, నోటినిండా పళ్ళు. వచ్చిన కొత్తలో మురిసిపోయి ‘కొత్తల్లుడు’ అని పేరు పెట్టారు. అల్లుడుగారు పరిగె చేపలు, కప్పలు, బాతు పిల్లలు, దొరికినదల్లా ఊడ్చి తిని, చెరువంతా సంతానాన్ని నింపి, కదిలేది లేదని కూర్చున్నాడు. ఇప్పుడు నీళ్ళలో మందు కలిపి చంపేద్దామంటున్నారు. మందంటే విషమే, ఇంకేముంది! అల్లుడితోపాటు చెరువులో ఉన్న ప్రతి చేపా చస్తుంది. మళ్ళీ పిల్లల్ని వదిలి, అవి ఎదిగేదాకా గట్టుమీది కుటుంబాలు పొట్ట చేతపట్టుకుని ఎటో పోవాలి. పడవ తప్ప మరో పని తెలియని బావమరిది కూడా పోవాలి.

“మా తమ్ముడికి నలుగురిలో నోరు పెగలదు. మైకు నీదేగా, ఒక్క మాట చెప్పరాదూ?” అని నిన్న రాత్రే భార్య అడిగింది.

“మైకు మనదే గానీ మాట మనది కాదే” అన్నాడు ఆయన.

ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి పోరితే తట్టుకునేవాడేమో, ఆ ఊరుకోవడమే ఆయన్ని కోసింది. చెప్తానన్నాడు. చెప్పాల్సింది కూడా ఎంతని? ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా, ఆలస్యమైనా వలలేసి దాన్నే పట్టుకుందాం. అంతే.

సైకిలు మీద సామాను కట్టుకుని గట్టు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. బావమరిది ఎదురొచ్చి స్పీకర్లు దించాడు.

“మొహమేంటి బావా, అలా పాలిపోయింది?”

“గ్యాసు లేరా.”

“నాకోసం నువ్వు నలుగురిలో మాట పడొద్దు బావా.”

“నోర్ముయ్. ఆ వైరు లాగు.”

చెరువు మీంచి గాలి కొడుతోంది. మైకులో రొద పుట్టకుండా దానికి తన జేబురుమాలు చుట్టాడు.

చేపల శాఖ అధికారి మాట్లాడాడు. వలలతో ఏళ్ళు పడుతుందన్నాడు, ఈలోపు మిగిలిన చిన్న చేప కూడా దాని కడుపులోకే పోతుందన్నాడు. “చెప్పడానికి నాకూ బాధగానే ఉంది” అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. పడవలవాళ్ళు తలలు వంచుకుని పుల్లలతో నేల గీస్తున్నారు.

“ఇంకెవరైనా మాట్లాడతారా?” అని అధ్యక్షుడు మైకు పక్కన పెట్టాడు.

హలో బాబాయి లేచాడు. మైకు అందుకున్నాడు. నోరు తెరిస్తే అలవాటైన మాటే బయటికొచ్చింది.

“హలో... హలో...”

జనం నవ్వారు. ఆయన మళ్ళీ “హలో” అన్నాడు.

“బాగానే వినపడుతోంది బాబాయ్, కూర్చో” అన్నాడు అధ్యక్షుడు, మర్యాదగానే.

కూర్చున్నాడు. చేతిలోని మైకు ఒళ్ళోకి జారింది. సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి. ఇంటికెళ్ళి ఆమెకు ఏం చెప్పాలి? చెమట్లు పోస్తున్నాయి. వెనకున్న గుంజకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

“మందుకి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు అధ్యక్షుడు, గొంతు పెంచి.

చేతులు లేచాయి. అప్పుడే భార్య వేణ్ణీళ్ళ సీసా పట్టుకుని వెనకనుంచి వచ్చింది. ఆయన మీదికి వంగింది.

“ఏమయ్యా, చెప్పావా?”

ఆ ప్రశ్న స్పీకర్లన్నిట్లోంచీ చెరువంతా వినపడింది. ఆమె గమనించలేదు. ఆయన నుదురు కొంగుతో తుడుస్తోంది.

“చెప్పలేదా? పోన్లే. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా... ఇంతేగా? ఈమాత్రానికి ఇంత చెమటేంటయ్యా? ఇలా చల్లబడిపోయావేంటి? ఏమయ్యా... నిన్నే... లే!”

ఆ కేక అవతలి గట్టుదాకా వెళ్ళింది. బావమరిది పరుగెత్తుకొచ్చాడు. అధికారి కూడా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నాడి చూశాడు. ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు.

ఎత్తిన చేతులు ఒక్కటొక్కటిగా దిగిపోయాయి. దించమని ఎవరూ అనలేదు. మళ్ళీ ఎత్తమని అడగడానికి అధ్యక్షుడికి నోరు రాలేదు.

పడవలవాళ్ళంతా కలిసి ఆయన్ని మోసుకెళ్ళారు. జనం వెళ్ళిపోయారు. మైకు ఎక్కడ ఆపాలో ఎవరికీ తట్టలేదు. ఖాళీ కుర్చీలో, జేబురుమాలు చుట్టిన మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.