ఇస్సాకు వేసిన సీలు

హైదరాబాద్ రాయదుర్గంలో అద్దాల ఆఫీసుల మధ్య బొగ్గు పొగ లేవాలని ఏ మహానుభావుడు కోరుకున్నాడో గాని, ఆ కోరిక తీర్చేసరికి ఇస్సాకు నడుం వంగిపోయింది. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీలో తుక్కు కింద కొన్న చిన్న ఆవిరి ఇంజన్ అది. కంపెనీ వాళ్ళు దాన్ని క్యాంపస్‌లోకి తెచ్చి, చెట్ల చుట్టూ పట్టాలు వేసి, రైల్వేలో ముప్ఫయ్యేళ్ళు బాయిలర్లు బాగుచేసి రిటైరైన ఇస్సాకుని పిలిచారు. షరతు ఒక్కటే. ఛైర్మన్ వచ్చే రోజు నడిస్తే, నడిచే బండిగానే ఉంచుతారు. లేకపోతే పొయ్యి మూసేసి, చుట్టూ పూలకుండీలు పెడతారు. కుండీలు ముందే వచ్చాయి, 'సెల్ఫీ పాయింట్' అన్న బోర్డుతో సహా. పద్నాలుగు నెలలుగా ఇస్సాకు చెమటోడుస్తుంటే ఆ బోర్డు గోడకి ఆనుకుని ఎదురుచూస్తూనే ఉంది. అది కనబడ్డప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండేది.

ఆ రోజు రానే వచ్చింది. ఇస్సాకు తెల్లారకముందే మణికొండ నుంచి వచ్చి పొయ్యి రాజేశాడు. పదకొండయ్యేసరికి ఛైర్మన్ షామియానా కింద కూర్చున్నారు. ఇంజన్ వెనక పెట్టెల్లో ఉద్యోగుల పిల్లలు ఎక్కి కేరింతలు కొడుతున్నారు. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేసిన వీరేశం పొయ్యిలో బొగ్గు వేస్తున్నాడు.

ఒత్తిడి చూపించే ముల్లు ఎర్రగీతని తాకింది. ఇస్సాకు చెవులు రిక్కించాడు. గీత తాకగానే పైనున్న సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, ఎక్కువైన ఆవిరిని బుస్సుమని వదిలెయ్యాలి. నిన్న ట్రయల్‌లో వదిలింది. ఆ వాల్వ్ నట్టుని ఎవరూ తిప్పకుండా తీగ చుట్టి, సీసం బిళ్ళ మీద తన పేరు అచ్చు నొక్కింది ఇస్సాకే. ఇవాళ చప్పుడు లేదు. ముల్లు గీత దాటింది.

పైకి చూశాడు. తీగ లేదు, బిళ్ళా లేదు. నట్టు మీద పానా పళ్ళు దిగిన గుర్తులు తళతళలాడుతున్నాయి. పొద్దున నీళ్ళూ నిప్పూ చూసుకున్నాడు గాని, తన సీలే కదా అని పైకెక్కి చూడలేదు. తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

"దీన్నెవరు ముట్టుకున్నారు?" అని అరిచాడు.

అడ్మిన్‌లో పనిచేసే నీహారిక కంగారుగా ఫోన్ తీసింది. "నిన్న పైనుంచి స్టీమ్ లీకవుతోందని రిపేర్ల యాప్‌లో కంప్లయింట్ టికెట్ రెయిజ్ చేశామండి. కొత్త పెయింట్ పాడవుతోందని. ప్లంబర్ సాయంత్రమే టైట్ చేసేశాడు. రిజాల్వ్‌డ్ అని క్లోజయిపోయింది."

లీకట! వీళ్ళకి బల్బు మాడినా టికెట్టే, కుళాయి కారినా టికెట్టే, ప్రాణాలు కాపాడే వాల్వ్ ఊపిరి వదిలినా టికెట్టే. టికెట్ మూసేస్తే చాలు, గండం గడిచిపోయినట్టే. ఇస్సాకుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అంత ఒత్తిడి మీద ఆ నట్టు జోలికి పోకూడదు. వెనక పిల్లలున్నారు. నిప్పు తీసెయ్యడమొక్కటే దారి. తీసేస్తే ఇవాళ బండి కదలదు. కదలకపోతే పూలకుండీలే.

"వీరేశం, నిప్పు లాగెయ్!"

"అన్నా, గింత కష్టపడి..."

"లాగెయ్యమన్నానా!"

వీరేశం పొడవాటి పారతో ఎర్రటి బొగ్గుల్ని పట్టాల మీదికి లాగిపోశాడు. ఇస్సాకు బాయిలర్‌లోకి చన్నీళ్ళు వదిలి, ఆవిరి తగ్గడానికి కూత తాడు పట్టుకుని వేలాడాడు. ఇంజన్ కూసింది. షామియానా కింద జనం చప్పట్లు కొట్టి ఫోన్లు పైకెత్తారు. పిల్లల్ని దించండర్రా అని ఆయన గొంతు చించుకుంటుంటే ఒక్కడికీ వినబడలేదు. నీహారిక ఒక్కతే ఆయన మొహం చూసి పెట్టెల వైపు పరుగెత్తింది.

పిల్లలంతా దిగాక అడ్మిన్ హెడ్ రవికిరణ్ ఊడిపడ్డాడు. "ఏంటండీ ఇది? ఛైర్మన్ గారి ముందు నా పరువు తీస్తారా?"

అన్నాళ్ళూ సార్, సార్ అన్న మనిషి ఇస్సాకు. "పరువా? ఇంకాసేపైతే తియ్యడానికి నీ పరువూ ఉండేది కాదు, ఏరుకోడానికి నా ఎముకలూ ఉండేవి కావు. నీ కూతురు ముందు పెట్టెలోనే కూర్చుందయ్యా!"

రవికిరణ్ పాలిపోయాడు. అయినా షామియానా వైపు చూడకుండా ఉండలేకపోయాడు. "చిన్న నట్టే కదండీ. లూజ్ చేసి మళ్ళీ వెలిగించండి. ఛైర్మన్ గారు లంచ్ దాకా ఉంటారు."

"సీలు తెగాక వెలిగించాలంటే బాయిలర్‌కి నీళ్ళ ఒత్తిడి పరీక్ష నుంచీ మళ్ళీ మొదలెట్టాలి. వారం పడుతుంది."

"వారం అంటే ఇంక అవదండీ."

"అవకపోతే మానెయ్. నేను మాత్రం వెలిగించను."

సాయంత్రానికి ముల్లు సున్నాకి దిగింది. అప్పటికే ఇంజన్ ముందు బోర్డు నిలబెట్టి కుండీలు సర్దేశారు. ఇస్సాకు పైకెక్కాడు. నట్టుని పాత గుర్తు దగ్గరికి తెచ్చి, కొత్త తీగ చుట్టి, సీసం బిళ్ళ మీద పటకారుతో తన అచ్చు నొక్కాడు.

"నిప్పు లేని ఇంజన్‌కు సీలెందుకన్నా? ఇగ దీన్నెవడు వెలిగిస్తడు?" అన్నాడు వీరేశం.

"ఎవడూ వెలిగించకపోనీ. మళ్ళీ ఎవడన్నా దీన్ని తిప్పాలంటే, ముందు నా పేరు తెంపాలి."

దిగి, అడ్డొచ్చిన మొదటి పూలకుండీని కాలితో తన్ని, గేటు వైపు నడిచాడు.