కుడివైపు లాగిన కారు

"అమ్మా, శుభవార్త! ఇప్పుడు కుడివైపు లాగుతోంది!"

మెకానిక్ తన షెడ్డు ముందు కారు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి మరీ కేకేశాడు. కొత్త పెళ్లికూతురు చప్పట్లు కొట్టి ఒక్క గంతేసింది. పక్కన నిలబడ్డ మొగుడు మాత్రం తెల్లమొహం వేశాడు.

"పొద్దుటిదాకా ఎడమకి లాగేది, ఇప్పుడు కుడికి. ఇందులో శుభం ఎక్కడ ఏడ్చిందండీ?"

"ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చాం కదా సార్! టైరుతో పాటు జబ్బు కూడా అటు మారింది. అంటే కారు కింద ఏదీ వంగలేదు. తేడా అంతా ఆ ఒక్క టైరులోనే."

"విన్నావా? అత్తయ్య ఏమీ వంచలేదు!" అంటూ ఆమె మొగుడి చెయ్యి గిల్లింది. ఇంట్లో పెద్దవాళ్ల ముందు 'మీరు', బయటికొస్తే 'నువ్వు'. పెళ్లయ్యాక కుదిరిన ఈ ఏర్పాటు ఆమెకి మహా సరదా.

ఆ కారు అత్తగారిది. ఆవిణ్ని వీధి వీధంతా 'పైలటమ్మ' అంటారు. వానైనా ఎండైనా స్టీరింగు పట్టిందంటే చెయ్యి వణకని మనిషి. అలాంటావిడ పెళ్లికి కొన్నాళ్ల ముందు ఇంటి గేటుకే కారు గీసేసింది. "అమ్మా, ఆ గేటు నీకేం అపకారం చేసింది?" అని కొడుకు వేళాకోళమాడితే తనూ నవ్వేసింది. పెళ్లి కాగానే తాళంచెవి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. ఎంత పెద్ద మనసో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. కోడలి సంబరానికైతే హద్దే లేదు.

మొన్న మొదటిసారి ఖాళీ రోడ్డు మీద కారు తీసి, స్టీరింగు మీద వేళ్లు కాస్త వదులు చేసిందో లేదో, గడ్డివామును చూసిన దూడలా కారు మెల్లగా ఎడమకి జరిగింది. ఇంటికొచ్చి భోజనాల దగ్గర నవ్వుతూ అదే చెప్పింది. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"నీక్కూడానా?" అంది ఆవిడ.

ఆ ఒక్క మాటతో కోడలికి అంతా అర్థమైపోయింది. అత్తగారు కారు కానుకివ్వలేదు. తన చేతులు పట్టు తప్పాయనుకుని, గుట్టుగా స్టీరింగు వదిలేసుకుంది.

"చూశారా, కారే లాగుతోంది అత్తయ్యా!" అంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "గేటుకి గుద్దింది నేనే కదే. అప్పుడే కింద ఏదో వంగుంటుంది. మంచి కారుని నా చేతులతో పాడుచేసి నీకు అంటగట్టాను."

అదీ సంగతి. అందుకే పొద్దున్నే మొగుణ్ని లాక్కుని షెడ్డుకొచ్చి పడింది. మెకానిక్ ముందు టైర్లలో గాలి చూశాడు. రెండింటిలోనూ సమానమే. కాస్త దూరం నడిపి తెచ్చి చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. బ్రేకు పట్టేస్తే ఆ చక్రం వేడెక్కుతుందట, ఏదీ వేడెక్కలేదు. ఆ తర్వాతే టైర్లు మార్చాడు.

"మరి గేటు దెబ్బకే టైరు పాడైందేమో?" అని ఆమె బెదురుతూనే అడిగింది.

"గేటు గీసింది కారు తలుపుని తల్లీ, చక్రం జోలికి రాలేదు. టైరు పాతబడి లోపలి తీగల అల్లిక పక్కకి జరిగింది. ఎప్పణ్నుంచో లాగుతూ ఉంటుంది. గేటు వైపు లాక్కెళ్లిందీ ఇదే."

ఆ టైరు పీకేసి, డిక్కీలో హాయిగా పడుకున్న స్టెప్నీ బిగించాడు. ఈసారి ఆమే నడిపింది. వేళ్లు వదులు చేస్తే కారు బుద్ధిమంతురాలిలా ముక్కుసూటిగా పోయింది. మెకానిక్‌కి ఎన్ని దణ్ణాలు పెట్టిందో, "చాలమ్మా, నేనింకా దేవుణ్ని కాలేదు" అన్నాడతను.

ఇంటికెళ్లేసరికి అత్తగారు బట్టలు మడతపెడుతోంది. కోడలు చెప్పులైనా విప్పకుండా మంచం అంచున కూర్చుని గాలి, బ్రేకు, టైరు అంతా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేసింది. ఆవిడ చేతిలో చొక్కా సగం మడతలోనే ఉండిపోయింది.

"అయితే గేటుకంటే ముందే లాగుతోందా?"

"ముందే! మీ చేతులు బంగారం అత్తయ్యా."

కొడుకు గుమ్మంలోనే నసిగాడు. "అమ్మా, గేటు గురించి నేనన్న మాటలు..."

"ఊరుకోరా, నీ జోకులకి ఏడిస్తే ఇన్నేళ్లు బతికేదాన్నా?" అంది గానీ, ఆ చొక్కాతోనే కళ్లు తుడుచుకుంది.

కోడలు తాళంచెవి ఆవిడ ఒళ్లో పెట్టింది.

"ఇచ్చింది వెనక్కి తీసుకుంటారటే ఎవరైనా?"

"పక్క సీటు నాకిచ్చేయండి, చాలు."

అత్తగారు ఆమె గడ్డం పట్టుకుంది. "అందరూ నా కళ్లెలా ఉన్నాయి, చేతులెలా ఉన్నాయి అనే చూశారే. కారెలా ఉందని చూసింది నువ్వొక్కదానివే."

ఎంత మంచి ఇంట్లో పడ్డాను అనుకుంటూ కోడలు ఆ చెయ్యి అలాగే పట్టుకుంది.

ఇంతలో అత్తగారు చటుక్కున లేచింది. "రేపు టిఫినవగానే బయల్దేరుతున్నాం. మీ పుట్టింటికి. ఎలాంటి కోడల్ని ఇచ్చిందో నిన్ను కన్నావిడకి నా నోటితో నేను చెప్పుకోవాలి. నేనే నడుపుతా, నువ్వు ముందు కూర్చో. వీడు వెనక సీట్లో, నోరు మూసుకుని."