గిన్నెల కింద గీతలు

నేను ఒక భూకంపమాపకాన్ని. పేరు పెద్దదే కాని చూడటానికి ఏమంత గొప్పగా ఉండను. ఒక డ్రమ్ము, దాన్ని నెమ్మదిగా తిప్పే గడియారపు యంత్రం, డ్రమ్ముకు ఆనుకుని ఉండే సన్నని సూది. అంతే నేను. నా చెవి మాత్రం నాకు కాస్త దూరంగా, కొండరాతిలో గుంట తొలిచి దించిన ఒక పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టెలో స్ప్రింగుకు ఒక బరువు వేలాడుతూ ఉంటుంది. నేల కదిలితే పెట్టె కదులుతుంది. బరువు మాత్రం బద్ధకంగా ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ తేడా తీగ గుండా వచ్చి నా సూదిని ఆడిస్తుంది. బద్ధకం వల్ల లోకానికి జరిగే మేలు నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

నేను పుట్టింది హైదరాబాదులో, రేకుల కప్పున్న ఒక చిన్న వర్క్‌షాపులో. అక్కడి ముసలి ఫిట్టరు నా సూదిని అరగదీసి, ఊపిరి బిగబట్టి బిగించాడు. పని అయిందని టీ గ్లాసు తీసుకుని రెండు గుక్కలు తాగి బల్ల మీద పెట్టాడు. సూది ఎగిరింది. "అబ్బ, గిది చాడీలు జెప్పే బాపతున్నదే!" అని పక్కవాళ్లను పిలిచి చూపించాడు. నా జీవితంలో మొదటి గీత భూకంపానిది కాదు, ఆ టీ గ్లాసుది.

అక్కడి నుంచి నన్నొక పరిశోధన సంస్థ తీసుకుంది. ప్రకాశం జిల్లా పడమటి కొండల్లో గుండ్లమిట్ట అనే ఊరి చివర ఒక పెంకుటింటి గదిలో పెట్టింది. ఆ చుట్టుపక్కల భూమి అప్పుడప్పుడూ చిన్నగా కదులుతుందని వాళ్లకు అనుమానం. నన్ను స్థాపించిన పెద్దసారు చదువుకున్నవాడే, చేతులకు మాత్రం ఓపిక లేదు. అందుకని రోజువారీ పనికి ఊళ్లోని కాశింబి అనే ఆమెను పెట్టుకున్నాడు.

ఆ పని చిన్నదేం కాదు. రోజూ ఉదయం ఎనిమిదికి నిన్నటి కాగితం విప్పాలి. కొత్త నునుపు కాగితం డ్రమ్ముకు చుట్టాలి. కింద కిరసనాయిలు దీపం పెట్టి, డ్రమ్మును తిప్పుతూ కాగితమంతా మసి పట్టించాలి. ఆ మసి మీద సూది ఒక రోజంతా గీసుకుంటూ పోతుంది. నేల కదలకపోతే తిన్నని తెల్ల గీతలు, కదిలితే వంకర్లు. విప్పిన కాగితం మీద మేకుతో తేదీ గీకి, స్పిరిట్‌లో కరిగించిన లక్కలో ముంచి దండేనికి ఆరవేయాలి. లేకపోతే వేలు తగిలినా మసి రాలిపోతుంది. ఈ పని కోసమే కాశింబి పది అంకెలూ నేర్చుకుంది. అక్షరాలు నేర్పాలని ఎవరికీ తోచలేదు.

ఆమె పట్టించే మసి ఎక్కడా పలచన లేకుండా, ఎక్కడా మాడకుండా నల్లటి మఖమలులా ఉండేది. పెద్దసారు తాను చేసి చూపిస్తానని కూర్చున్న రోజున కాగితమే అంటుకుంది.

రెండో వారంలో కాశింబి మోచెయ్యి బల్లకు తగిలి కాగితం మీద ఒకచోట గీతలు చెదిరాయి. పెద్దసారు కేకలు వేశాడు. "ఇలా పిచ్చి గీతలొచ్చాయంటే కాగితం పాడైనట్టే. ఇంకోసారి నా కళ్లబడితే ఈ పనిలో వేరే మనిషి ఉంటుంది." మరో నెలకు ఆయన బదిలీ మీద వెళ్లిపోయాడు. వెళ్తూ తన గొడుగు, ఫ్లాస్కు తీసుకెళ్లాడు. ఆ మాటను మాత్రం ఇక్కడే వదిలేశాడు.

ఆయన స్థానంలో దారా సలోమి గారు వచ్చారు. అప్పటికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. వచ్చిన రోజే నా చెవి ఉన్న గుంట పక్కన బోర్లా పడుకుని బండకు చెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నారు. ఊరివాళ్లు ఆవిడకు ఒంట్లో బాగాలేదనుకుని నీళ్లు తెచ్చారు. ఆవిడ లేచి, "ఈ రాయి ఎంత లోతుకు ఉంటుందండీ?" అని అడిగారు.  అంతవరకు నీళ్లు తెచ్చినవాళ్లలో ఎవరికీ రాని ప్రశ్న అది.

నెలకు రెండుసార్లు వచ్చి కాగితాల కట్ట ముందేసుకుని భూతద్దంతో ప్రతి వంకరనూ లెక్కపెట్టేవారు. కాశింబికి అది వింతగా ఉండేది.

"ఏందమ్మా రోజంతా లెక్కబెడతారు? భూకంపం ఎప్పుడొచ్చుద్దో ఇందులో రాసుంటదా?"

"ఎప్పుడో రాసి ఉండదక్కా. చిన్న కదలికలు ఎన్ని వచ్చాయో లెక్కపెడితే, పెద్దది ఎన్నేళ్లకొకటి రావచ్చో అంచనా కట్టొచ్చు. చిన్నవి ఎక్కువైతే పెద్దదానికీ అవకాశం ఎక్కువ."

"అయితే చీమల్ని లెక్కబెట్టి ఏనుగు సంగతి చెప్తారన్నమాట."

సలోమి గారు నవ్వి, ఆ మాటను తన నోటుపుస్తకంలో రాసుకున్నారు.

అలా ఆరేళ్లు. నేను గీశాను, కాశింబి లక్కలో ముంచింది, సలోమి గారు లెక్కపెట్టారు. మధ్యమధ్య కొన్ని రోజుల కాగితాలు ఉండేవి కావు. అడిగితే కాశింబి తల వంచుకుని "పాడైపోయిందమ్మా" అనేది. అటువంటివి అరవై ఒక్క రోజులు. సలోమి గారు తన పట్టికలో ఆ రోజుల గళ్లను ఖాళీగా వదిలేశారు. ఆరేళ్లలో రెండు నెలలు పోతే పెద్ద తేడా రాదని ఎవరైనా అనుకుంటారు. లెక్క పూర్తయింది. గుండ్లమిట్ట ప్రాంతంలో ప్రమాదం తక్కువే అని ఆవిడ వ్యాసం అచ్చయింది. పైవాళ్లు మెచ్చుకున్నారు. పదోన్నతికి పేరు వెళ్లింది. ఊళ్లో కట్టబోయే రెండంతస్తుల బడికి ఎంత ఇనుము వేయాలో ఇంజనీర్లు ఆ వ్యాసం చూసే నిర్ణయించారు. పునాదులు తవ్వడం మొదలైంది.

ఆ ఏడు పీర్ల పండక్కి కాశింబి ఆవిడను ఇంటికి పిలిచింది. నేను వెళ్లలేదు, నిజమే. కాని నా గీతలు ఉన్నచోట నేనూ కొంత ఉంటాను. ఆ ఇంట్లో నేను చాలానే ఉన్నాను.

సలోమి గారు రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీదా ముద్ద చేతిలో పట్టుకుని వంటింటి అలమర ముందు ఆగిపోయారు.

"అక్కా, ఈ గిన్నెల కింద పరిచిందేంటి?"

"అదా? పాడైన కాగితమమ్మా. లక్క పట్టిందానికి చెద అంటదు. పారేయబుద్ధి గాక పరిచా."

సలోమి గారు పప్పు గిన్నె పక్కకు జరిపారు. ఆవకాయ జాడీ దించారు. మలీదా చేతిలోనే ఉంది.

"ఇది పాడైందని నీకెవరు చెప్పారు?"

"ఎవురో చెప్పాల్నా? మీరే చూడండి, ఎంత గందరగోళంగా ఉందో. నా కొంగో చెయ్యో తగిలుంటది. పెద్దసారు అప్పుడే చెప్పాడుగా, ఇట్టాంటియి కళ్లబడితే పని ఊడుద్దని."

"చెయ్యి తగిలితే ఒకచోట చెదురుతుంది. ఇక్కడ ఈ ఒక్క కాగితంలోనే నలభై వంకర్లు ఉన్నాయి, ఒక్కొక్కటీ విడివిడిగా. రోజంతా నీ చెయ్యి తగులుతూనే ఉందా?"

కాశింబి దించిన జాడీని కొంగుతో తుడిచింది. "ఊరోళ్లు నేల అదిరిందని చెప్పుకున్న రోజులవి ఇచ్చాగదమ్మా" అంది.

అదీ సంగతి. ఊరికి తెలిసినవి ఇచ్చింది. ఊరికి తెలియనివి, నాకు మాత్రమే తెలిసినవి, గిన్నెల కింద పరిచింది. నేల లోపల గుంపుగా కదలికలు వచ్చిన రోజుల్లో నేను ఒళ్లు మరిచి గీశాను. నా మంచి పనంతా జాడీ కింద ఉంది.

అలమరలో ముప్పై ఎనిమిది కాగితాలు దొరికాయి, మిగతావి ఎప్పుడో చిరిగిపోయాయి. పసుపు మరకలు, గిన్నె అడుగుల గుండ్రాలు, ఒక మూల ఆవకాయ నూనె. మేకుతో గీకిన తేదీలు మాత్రం ఒక్కటీ చెరగలేదు. సలోమి గారు మూడు వారాలు నా గదిలోనే కూర్చుని లెక్కపెట్టారు. మిగతా ఆరేళ్ల కాగితాలన్నిటిలో ఉన్న కదలికల కంటే ఆ ముప్పై ఎనిమిదింటిలో ఉన్నవే ఎక్కువ. లెక్క తేలాక పెన్సిల్ కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నారు. ప్రమాదం తక్కువ అని ఆవిడ రాసిన మాట తప్పు.

ఆవిడ పై అధికారి జీపులో వచ్చారు.

"సలోమీ, నెల తిరిగితే ఇంటర్వ్యూ. నీకు పదోన్నతి తెచ్చేది ఆ వ్యాసమే. వంటింట్లోంచి కాగితాలు పట్టుకొచ్చి దాన్నే తప్పంటావా? ఒక ఏడాది ఆగు. కొత్త వ్యాసంలో నెమ్మదిగా సర్దుదాం."

"ఏడాదికి బడి లేచిపోతుంది సార్. వ్యాసానికైతే సవరణ రాయొచ్చు. స్లాబు పోశాక దానికేం రాస్తాం?"

ఆయన జీపెక్కి వెళ్లిపోయారు. సలోమి గారు కాశింబిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"అక్కా, ఈ కాగితాలు ఎక్కడివో రాయకపోతే ఎవరూ నమ్మరు. నీ పేరు రాయాలి."

"నా పని పోద్దా?"

"పోవచ్చు. పోకుండా చూస్తాను. మాట మాత్రం ఇవ్వలేను."

కాశింబి లేచి, అవసరం లేకపోయినా నా డ్రమ్ము కింది బల్లను ఒకసారి తుడిచింది. 

"పిల్లకాయల నెత్తిన కప్పు పడేదానికంటే నా పని పోవడమే నయం. రాయండమ్మా. రాసేటప్పుడు అంకెలు మటుకు తప్పు లేవని కూడా రాయండి."

సలోమి గారు అలాగే రాశారు. ఈ పొరపాటు రోజూ కాగితం మార్చే మనిషిది కాదనీ, ఆమెకు తప్పుడు సూచన ఇచ్చిన సంస్థదనీ, ఆరేళ్ల పాటు ఖాళీ గళ్లు చూసి కూడా ఇంకో ప్రశ్న అడగని తనదనీ రాశారు. తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయని విడిగా ఒక వాక్యం రాశారు.

పదోన్నతి వేరొకరికి వెళ్లింది. కాశింబి పని మాత్రం నిలిచింది. అటువంటి మసి పట్టించే మనిషి ఇంకొకరు దొరకలేదు మరి. బడికి ఇనుము పెరిగింది. కిటికీల పైన నాలుగు గోడలనూ కలిపి కట్టే కాంక్రీటు పట్టీ వచ్చింది. దాంతో మంజూరైన డబ్బంతా కింది అంతస్తుకే సరిపోయి, పై అంతస్తు ఎగిరిపోయింది. ఊరికి కోపం వచ్చింది. మేడ వస్తుందని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చెప్పుకున్నారాయె. తాపీమేస్త్రీ చెంచయ్య సలోమి గారు కనిపించినప్పుడల్లా, "ఏందమ్మా, జాడీ కింది జాతకం ఇయ్యాలేమంటా ఉంది?" అనేవాడు. ఒకసారి కాశింబి విన్నది. "నువ్వు కట్టిన పంచాయతీ గోడ గాలికే పడింది చెంచయ్యా. దానికి భూకంపం గూడా అక్కర్లేకపోయె" అంది. ఆ తరవాత అతను జాతకం ఊసెత్తలేదు.

ఇంకో పదకొండేళ్లు పనిచేశాను. తరవాత కాగితమూ మసీ అక్కర్లేని కొత్త పరికరం వచ్చింది. నన్ను పాత ఇనుము కింద వేయబోతుంటే బడి పంతుళ్లు అడిగి తీసుకున్నారు. ఇప్పుడు ఆ బడిలోనే, వరండా చివర హెడ్మాస్టరు గదిలో, అద్దాల బీరువాలో ఉన్నాను. పిల్లలు వచ్చి నేల మీద దూకుతారు, నా సూది ఆడుతుందేమోనని. తీగ లేదని వాళ్లకు తెలియదు.

ఈ మధ్య సలోమి గారు వచ్చారు. ఉద్యోగం అయిపోయింది, జుట్టు నెరిసింది. హెడ్మాస్టరు సుందరరావు గారు కుర్చీ వేసి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, అసలు సంగతికి వచ్చారు.

"మేడం, బడి కట్టి ఇరవై మూడేళ్లయింది. ఏమీ రాలేదు గదా. పిల్లలు ఎక్కువయ్యారు. ఇప్పుడు పైన గదులు వేసుకోవచ్చంటారా?"

"ఇన్నాళ్లు రాలేదు కాబట్టి ఇక రాదని కాదు సార్. కట్టుకోండి. మొదట పునాదుల్ని పరీక్ష చేయించండి. ప్లాను నాకు పంపండి. పైన కూడా గోడల్ని కలిపే పట్టీ ఉండాలి. నేను ఇంజనీరుతో కూర్చుంటాను."

"ఇంతకీ ఎప్పుడు రావచ్చు మేడం? ఉజ్జాయింపుగానైనా?"

బీరువా ముందున్న పిల్లలు కూడా దూకడం ఆపి ఆవిడ వైపు తిరిగారు.

"చెప్పలేను" అన్నారు సలోమి గారు.

సుందరరావు గారి మొహం చిన్నబోయింది. ఒక బతుకంతా చదివి ఇంతేనా అనుకుని ఉంటారు. నేను ఆయన్ను తప్పుపట్టను. తారీఖు చెప్పేవాళ్ల చుట్టూ మనుషులు చేరడం నాకు తెలుసు. కాని నేను ఉన్నది ఆయన గదిలోనే. తలెత్తితే కిటికీల పైన ఆ పట్టీ కనిపిస్తుంది. ఒక మనిషి తెలిసినదేదో, తెలియనిదేదో విడదీసి చెప్పి, దానికి తగిన మూల్యం తన ఉద్యోగంలో చెల్లించి పోయించిన పట్టీ అది. పక్క గదిలో దాని కిందే ఇప్పుడు మూడో తరగతి పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు.