మాస్టారి గది నేల

సామ్రాజ్యం మోకాళ్ల మీద వంగి, సైకిలు పుల్లతో చెక్కల సందుల్లోని నల్లటి మురికిని పెళ్లగిస్తోంది. నిన్న సాయంత్రం చల్లిన వంటసోడా అందులో కలిసి ముద్దలుగా పైకొస్తోంది. ముద్ద తీసినప్పుడల్లా ఉచ్చకంపు గుప్పుమంటోంది. ముఖం తిప్పుకోకపోగా నవ్వింది.

"దొరికావే దొంగముండా! ఇన్నాళ్లూ ఇక్కడా నక్కింది?"

మంచం మీది శాలేమురాజు మాస్టారు కళ్లు తెరిచారు. "ఎవర్నమ్మాయ్ తిడుతున్నావు?"

"మిమ్మల్ని కాదులెండి మాస్టారూ, ఈ కంపుని."

రేపల్లెలో టేకు చెక్కలు పరిచిన మేడగదులు ఇప్పుడు ఎక్కడోగాని లేవు. గాలి బాగుంటుందని మాస్టారు ఈ గది ఎంచుకున్నారు. పక్షవాతం వచ్చాక ఇక దిగలేదు. ఆయన పనులు చూడ్డానికి సామ్రాజ్యం కుదిరింది. శుక్రవారం ప్రార్థన కూడిక ఒకప్పుడు ఇక్కడే జరిగేది. పోనుపోను పాటలు కింది హాల్లోకి దిగిపోయాయి. మోకాళ్ల నొప్పులన్నారు, మెట్లు ఇరుకన్నారు. ఏ నొప్పీ లేని పడుచుపిల్లలు కూడా పైకి రాలేదు.

"ఒక్కసారి నా పక్కన కూచుని పాడితే చాలమ్మాయ్" అన్నారాయన మొన్న. ఆ మాట విన్న దగ్గర్నుంచి సామ్రాజ్యానికి అన్నం సయించలేదు. ఈ శుక్రవారం కూడిక పైనే అని మాటిచ్చేసింది.

నిన్న కింద బూజు దులుపుతుంటే పైచెక్కల అడుగున తడిమరకలు కనిపించాయి. అప్పుడు తెలిసింది తప్పెవరిదో. పెనుమూడిలో తన ఇంటి బండలు కడిగినట్టే ఇక్కడా రోజూ బకెట్లకొద్దీ ఫినాయిల్ నీళ్లు కుమ్మరించి చీపురుతో తోసేది. శుభ్రమంటే నీళ్లేగా! ఆ నీళ్లే ఉచ్చను చెక్క కడుపులోకి దింపాయి. "నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నానే తల్లీ" అని లెంపలేసుకుంది.

మాస్టారి కూతురు నిర్మల వెనిగర్ సీసాతో గుమ్మంలోనే ఆగిపోయింది. "ఈ పూటకు పోతుందంటావా సామ్రాజ్యం? కూడిక కిందేనని పాస్టరమ్మగారికి ఫోన్ చేసేయనా?"

"చెయ్యకండమ్మా. పోగొడతానన్నానా లేదా?"

వెనిగర్ నీళ్లలో గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి తుడిచింది. వెనకే పొడిగుడ్డ. కిటికీలు బార్లా తెరిచి ఫ్యాన్ వేసింది. చెక్క ఆరాక గరుకు కాగితంతో రుద్ది పైపొర లేపేసింది. భుజాలు పడిపోతున్నా ఆపలేదు. పొద్దు వాలాక ముక్కు నేలకానించి మూలమూలా వాసన చూసింది. టేకు వాసన, అంతే.

"రమ్మనండమ్మా అందర్నీ!"

వచ్చారు. మెట్ల మీద ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నవాళ్లు గదిలోకి రాగానే దించేశారు. చాపలు కూడా అడక్కుండా మంచం చుట్టూ ఉత్త చెక్కల మీదే కూర్చున్నారు. పాట ఎత్తుకున్నారు. మాస్టారి పెదవులు కదిలాయి. కళ్లు మాత్రం సామ్రాజ్యం మీదే ఉన్నాయి.

చివరి ప్రార్థనకు అందరూ ఆమెన్ అన్నారు. ఆయన అనలేదు. పాస్టరమ్మగారు ఆయన చెయ్యి పట్టుకు చూసి, మెల్లగా ఆయన కళ్లు మూశారు. సామ్రాజ్యానికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే గర్వం కూడా ఉంది. ఆ మనిషి ఒంటరిగా పోలేదు మరి.

మర్నాడు సమాధుల దొడ్డి నుంచి అందరూ తిరిగొచ్చాక, చెయ్యడానికి పనేమీ తోచక ఆమె డాబా ఎక్కింది. నిన్న పొద్దున రోజూలాగే తను కడిగి ఆరేసిన మాస్టారి పక్క మీది రబ్బరు షీటు, తీసేవాళ్లు లేక, దండెం మీద గాలికి పటపటలాడుతోంది.