సీటు మీద అట్టపెట్టె

ఎన్నిసార్లు కిక్ కొట్టినా బండి కనీసం దగ్గను కూడా దగ్గలేదు. సెల్ఫ్ నొక్కీ నొక్కీ బ్యాటరీని అంతకుముందే నీరసపెట్టేసి, ఎండలో తోసుకుంటూ షెడ్డుకు తెచ్చిందామె. వెనక కట్టిన ఐసుపెట్టెలో చిన్న ఆసుపత్రుల్లో సేకరించిన రక్తం గొట్టాలున్నాయి.

"అన్నా, పన్నెండులోపు ల్యాబులో ఇవ్వాలి. ఐసు కరిగితే అన్నీ పారబోస్తారు. పోయిన నెల ఓసారి ఇలాగే అయింది. ఇంకోసారైతే పనిలోకి రావద్దన్నారు."

పదకొండుంపావు అయింది. మెకానిక్ ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి కిక్ కొట్టాడు. నిప్పురవ్వ రాలేదు.

షెడ్డు యజమాని అతనికి బావ, సొంత అక్క మొగుడు. కౌంటరు దిగివచ్చి, ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ ఉన్న అట్టపెట్టెను సీటు మీద పెట్టాడు. ఆ షెడ్డులో అదొక కట్టుబాటు. పెట్టె సీటెక్కిందంటే మెకానిక్ నోరు మెదపకూడదు. రోగమేదైనా మందు కాయిలే. విప్పిన పాతదాన్ని పెట్రోలుతో తుడిచి మళ్లీ అదే పెట్టెలో కొత్తదానిలా సర్దేవారు. ఎన్ని సీట్లు ఎక్కి దిగిందో, పెట్టె మూలలు అరిగిపోయాయి. అక్క ముఖం చూసి, షెడ్డు పైన తను ఉండటానికి ఇచ్చిన గది చూసి, ఎనిమిదేళ్లుగా అతను నోరు మెదపలేదు.

"కాయిల్ పోయిందమ్మా. పద్నాలుగు వందలు," అన్నాడు బావ.

ఆమె ముఖం పాలిపోయింది. "నాలుగు రోజుల కూలి! నా ఫోను ఉంచుకోండి, ముందు బండి కదిలించండి."

"ఎక్కడ ఆగింది?" అన్నాడు మెకానిక్, తలెత్తకుండానే.

"సందు మలుపులో. నిన్న కూడా మలుపులోనే ఓసారి ఆగబోయి అందుకుంది. దీనికీ నాలాగే తిన్నగా పోవడమొక్కటే తెలుసు."

స్టాండు మీదున్న బండి హ్యాండిలు ఎడమకు వాలి ఉంది. అతను దాన్ని కుడికి తిప్పి కిక్ కొట్టాడు. టప్పున నీలం రవ్వ. ఎడమకు తిప్పితే లేదు. టార్చి వేసి చూశాడు. హ్యాండిలు మెడ దగ్గర ఒక తీగ ఒరుసుకుని, రాగి బయటపడి ఇనుముకు తగులుతోంది.

"ఏరా బామ్మర్దీ, హ్యాండిలు పట్టుకుని ఉయ్యాలలూపుతున్నావా? పెట్టె కనపడలేదా?"

"కనపడింది బావా." "కాయిల్ బానే ఉంది. తీగ ఒరుసుకుంది, అంతే. టేపు చుడితే చాలు."

ఆమె ఒకసారి అతన్నీ, ఒకసారి బావనూ చూసింది.

"అలాగా! పైగది ఖాళీ చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో మీ అక్కనడుగు," అన్నాడు బావ తాపీగా.

మెకానిక్ తీగకు టేపు గట్టిగా చుట్టి, ప్లగ్గు బిగించి, కిక్ కొట్టాడు. బండి అందుకుంది.

"ఎంతివ్వనన్నా?"

"టేపు ముక్కకేం తీసుకుంటాం! ముందు బయల్దేరు."

పెట్టె తీసి బావ చేతిలో పెట్టాడు. ఆమె మలుపు తిరిగేదాకా ఇంజను శబ్దం విన్నాడు. ఆగలేదు.

ఇంతలో ఇంకో మనిషి రొప్పుతూ బండి తోసుకొచ్చాడు. "స్టార్టవట్లేదు, కాస్త చూడండి." బావ దాని సీటు మీద పెట్టె పెట్టాడు. ఈసారి పెట్టి వెళ్లలేదు. దానిమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పైగది మెట్ల మీద అక్క, చేతిలో తడిబట్టతో, ఆగిపోయి చూస్తోంది.

మెకానిక్ ప్లగ్గు పానా నేలమీద పెట్టేశాడు.

"పెట్టె తియ్యి బావా. తీశాకే బండి ముట్టుకుంటాను."